తుప్పు పట్టిన కుట్టుమిషను పార్టులు అద్దంలా మెరవాలంటే ఎంతవరకు రుద్దాలి?

దివిసీమ_పిల్లోడు

అందరికీ నమస్తే. పోస్ట్ కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మా అమ్మమ్మ మిషను ఒకటుంది, సింగర్, కాలితో తొక్కేది. అవనిగడ్డ దగ్గర మా ఊళ్లో పెంకుటింటి వసారాలో ఓ మూల పదిహేనేళ్లుగా గోనెసంచులు కప్పేసి పడుంది. ఆవిడ ఉన్నన్నాళ్లూ మా వీధి ఆడవాళ్ల జాకెట్లన్నీ దాని మీదే కుట్టింది. ఇప్పుడు ఇల్లు పడగొట్టి కడుతున్నారు, మావయ్యేమో పాత ఇనుప సామాన్ల వాడికి వేసేద్దాం అన్నాడు, నేను వద్దని గొడవపడి బెంగళూరు తెచ్చేసుకున్నా. బస్సు వాడు స్టాండుకి వేరే లగేజీ టికెట్ కొట్టాడు, అది వేరే కథ.

సంగతేంటంటే మిషను తల బాగానే ఉంది, నల్ల పెయింటు, దాని మీద బంగారు రంగు పువ్వులు చాలావరకు ఉన్నాయి. మెరవాల్సిన పార్టులే పోయాయి. చక్రం అంచు, సూది పక్కన ఎడమ చేతివైపు ఉండే డిజైన్ ప్లేటు, గుడ్డ కింద ఉండే సూది ప్లేటు, దాని పక్కనే బాబిన్ తీయడానికి జరిపే ప్లేటు, ఇవన్నీ ఎర్రగా గరగరలాడుతూ ఉన్నాయి. సముద్రం గాలి కదా మా వైపు, ఇనుము అన్నది నిలవదు.

ఆగలేక మొన్న ఆదివారం ఆ జరిపే ప్లేటు ఊడదీసి 80 నంబర్ ఎమరీ పేపరుతో (నంబర్ ఎంత చిన్నదైతే అంత గరుకు) రుద్దేసా. తుప్పు పోయింది, హ్యాపీ. తర్వాత 400 తో రుద్దా, తర్వాత బ్రాస్సో (మెటల్ పాలిష్) పెట్టి గుడ్డతో అరగంట తోమా. ఇప్పుడు మెరుస్తోంది గానీ గీతలు కూడా మెరుస్తున్నాయి 😐 దువ్వెన పెట్టి దువ్వినట్టుంది. అక్కడక్కడా సూది మొనంత నల్ల చుక్కలు కూడా ఉన్నాయి, అవి ఎంత రుద్దినా కదలట్లేదు.

అడగాలనుకున్నది ఇదీ. ఆ గీతలు ఎలా పోతాయి? చుక్కలు పోతాయా పోవా? మిగతా పార్టులు కూడా ఇలాగే చెయ్యనా లేక ఎవరికైనా ఇచ్చి క్రోమ్ వేయించనా? నా దగ్గర చేతులు, ఓ చిన్న డ్రిల్లు మిషను తప్ప ఏం లేవు. సీరియల్ నంబరు ఈఈ తో మొదలవుతోంది, ఎవరికైనా పనికొస్తుందేమో అని చెప్తున్నా.

వెనిగర్_వీరుడు

బ్రో సింపుల్. ఓ ప్లాస్టిక్ డబ్బాలో వెనిగర్ పోసి అన్ని పార్టులూ రాత్రంతా నానబెట్టెయ్, పొద్దున్నే స్టీల్ పీచుతో రుద్దు, తళతళ. నేను మా సైకిల్ చైను, పెడళ్లు అన్నీ అలాగే చేసా. ఎమరీ గిమరీ ఏం అక్కర్లేదు.

మిషన్_బాబాయ్_ఏలూరు

తమ్ముడూ ముందు ఆ ఎమరీ పేపర్ పక్కన పెట్టు. పైన వీరుడు గారు చెప్పినట్టు అన్నీ ఒకే డబ్బాలో మాత్రం వెయ్యకు, చెప్తా ఎందుకో.

నేను ముప్పై ఏళ్లుగా మిషన్లు బాగుచేస్తున్నా. ఈఈ అంటే అది స్కాట్లాండులో క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో తయారైన మిషను, ఈ తో మొదలయ్యే ఇలాంటి రెండక్షరాల నంబర్లు 1935 నుంచి వచ్చినవి. ఆ ఫ్యాక్టరీ 1980 లోనే మూసేశారు. కాబట్టి పార్టు పాడుచేస్తే అదే పార్టు మళ్లీ దొరకదు, పోలికది దొరుకుతుంది అంతే.

మొదట నువ్వు తెలుసుకోవాల్సింది నీ పార్టు మీద ఉన్న మెరుపు పూత నికెలా క్రోమా అని. ఎండలోకి తీసుకెళ్లి తుప్పు లేని చోట చూడు. కొంచెం పసుపు ఛాయ, పాలమీగడలా ఉంటే నికెల్. నీలంగా చల్లగా కొత్త స్టీలు గ్లాసులా ఉంటే క్రోమ్. బాగా పాతవాటికి నికెల్ ఉంటుంది, నీ దానికి క్రోమే ఉండొచ్చు. చూసి చెప్పు.

ఇక తుప్పు పట్టింది కదా అని అన్నీ రుద్దకూడదు. సూది కడ్డీ, ఫుట్ పట్టుకునే కడ్డీ, ఇవి బుష్షుల్లో (కడ్డీ దూరి ఆడే గొట్టాల్లో) వెంట్రుకవాసి సందుతో ఆడతాయి. ఎమరీ పెట్టి మెరిపించావంటే బుష్షులో వదులైపోయి కుట్టు వంకరపోతుంది. వాటికి నూనె రాసి మెత్తగుడ్డతో తుడవడమే, మరీ మొండిగా ఉంటే 2000 పేపరు నూనెలో ముంచి ఓ నాలుగు తిప్పులు. బాబిన్ కేసు, షటిల్, గుడ్డని కింద నుంచి జరిపే పళ్లు, వీటి జోలికి అసలు పోవద్దు. పళ్లకి పాత టూత్‌బ్రష్షు, కిరసనాయిలు చాలు.

సూది ప్లేటు సంగతి ఇంకోటి. దాన్ని పైనుంచి అరగదీస్తే ప్లేటు పల్చబడుతుంది, అంటే కింద పళ్లు అంతమేర పైకి లేచినట్టే. అప్పుడు పల్చటి గుడ్డ పెడితే పళ్లు గుచ్చుకుని ముడతలు పడుతుంది, నువ్వేమో టెన్షన్ బాలేదనుకుని వారం రోజులు స్క్రూ తిప్పుతూ కూర్చుంటావ్. నా దగ్గరికి ఇలాంటి కేసులు వచ్చాయి. కాబట్టి సూది ప్లేటు మెరిస్తే చాలు, గుంటలు పూర్తిగా పోవాలని పట్టుపట్టకు.

స్క్రూలు జాగ్రత్త. సింగర్ మరలు వాళ్ల సొంత కొలత, హార్డ్‌వేర్ షాపులో దొరికేవి ఎక్కవు. గాడిలో సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవరే వాడు. రాకపోతే కిరసనాయిలు చుక్క వేసి రాత్రికి వదిలెయ్, మర్నాడు హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి తిప్పు, అప్పటికీ రాకపోతే ముందు కాస్త బిగించే వైపు కదిపి తర్వాత వదులు చెయ్యి.

నానబెట్టడం అంటావా, వెనిగర్ కన్నా నిమ్మ ఉప్పు మేలు. కిరాణా షాపులో అడిగితే ఇస్తాడు. లీటరు నీళ్లకి 50 గ్రాములు. పార్టు ముందు సబ్బుతో కడిగి జిడ్డు లేకుండా చేసి ముంచు, రెండు మూడు గంటలకోసారి తీసి బ్రష్షు కొట్టి చూడు. రాత్రంతా వదిలేస్తే ఇనుము బూడిదరంగు తిరిగి మీద మచ్చ పడుతుంది, అది పోగొట్టడానికి మళ్లీ రుద్దుడు. తీశాక వంటసోడా నీళ్లలో ఓ ముంచు ముంచి, వెంటనే డ్రయ్యర్‌తో ఆరబెట్టి నూనె రాయి. వెంటనే అంటే వెంటనే, ఫోన్ మాట్లాడొచ్చేలోపు ఆరెంజ్ పొర వచ్చేస్తుంది.

స్ప్రింగులు మాత్రం ఏ యాసిడ్‌లోనూ వెయ్యొద్దు. గట్టి స్ప్రింగు స్టీలు యాసిడ్ తగిలితే పెళుసెక్కి పుటుక్కుమంటుంది. నల్ల పెయింటు ఉన్న తలకి థిన్నరు, స్పిరిట్ తగలనివ్వకు, ఆ బంగారు పువ్వుల మీద లక్క పూత ఉంటుంది, స్పిరిట్ పెడితే గుడ్డకి అంటుకుని వచ్చేస్తాయి.

దివిసీమ_పిల్లోడు

బాబాయ్ గారూ థాంక్యూ సో మచ్. ఎండలో చూసా, చక్రం అంచు నీలంగానే ఉంది, క్రోమే. డిజైన్ ప్లేటు కూడా అంతే. నేను 80 పెట్టి రుద్దిన దాని మీద మాత్రం సగం క్రోమ్ సగం ఇనుము, మధ్యలో దేశపటంలో సరిహద్దులా ఓ గీత కనిపిస్తోంది.

ఇంకోటి చెప్పాలి... మీ మెసేజ్‌లో నిమ్మ ఉప్పు దాకా చదివి, కింద స్ప్రింగుల సంగతి చూడకుండానే దారం టెన్షన్ సెట్టు మొత్తం స్ప్రింగుతో సహా నిమ్మ ఉప్పులో పడేసి ఆఫీసుకొచ్చేసా 🙈

బాలానగర్_బఫింగ్

అన్నా ఆ సరిహద్దు గీత ఎందుకొచ్చిందో నేను చెప్త. పన్నెండేండ్ల సంది పాలిష్ పని చేస్తున్న, హైదరాబాద్ బాలానగర్ల.

క్రోమ్ అంటే అందరు మందంగ ఉంటది అనుకుంటరు. మెరిసేది పైన ఉన్న క్రోమ్ గాదు, దాని కింద ఉన్న నికెల్. క్రోమ్ మైక్రాన్ల (మిల్లీమీటర్‌ల వెయ్యో వంతు) సగం గూడ ఉండదు, నికెల్ పది పదిహేను మైక్రాన్లు ఉంటది, మంచి పని అయితే ఇంకొంచెం ఎక్కువ. మన తలవెంట్రుక డెబ్బై మైక్రాన్ల దాక ఉంటది, ఇగ లెక్క చూస్కో. 80 నంబర్ పేపర్ ఒక్క గీత గీస్తే నికెల్ దాటి ఇనుముల పడతది. కానీ క్రోమ్ మస్తు గట్టిది, ఇనుము మెత్తది, ఒకటే పేపర్ పెట్టి రుద్దితే క్రోమ్ ఉన్న కాడ తక్కువ అరుగుతది లేని కాడ ఎక్కువ అరుగుతది, అందుకే మెట్టు లెక్క పడ్డది నీకు. ఇప్పుడు దాన్ని రెండే రకాలుగ చెయ్యొచ్చు, మొత్తం క్రోమ్ తీసేసి కింది ఇనుమునే పాలిష్ చెయ్యాలె, లేకపోతే ప్లేటింగ్ షాపుల ఇచ్చి పాత ప్లేటింగ్ విప్పించి కొత్తగ ఏపియ్యాలె. సగం సగం మంచిగ రాదు.

చెక్కుచెదరని క్రోమ్ ఉన్న కాడ పేపర్ అసలు ముట్టియ్యకు. చక్రం మీద ఎర్ర చుక్కలు ఉంటే అవి క్రోమ్ల చిన్న బొక్కలకెళ్లి బయటికొచ్చిన తుప్పు, పైన క్రోమ్ ఇంకా ఉంటది.

ఇగ గీతల ముచ్చట. కొత్తగ పనిల చేరిన పిలగాళ్లకు మేము ఇదే చెప్తం. ప్రతి నంబర్ పేపర్‌కి ఒక్కటే పని, ముందు నంబర్ గీతలను తుడిచేసుడు. మెరుపు దాని పని కాదు. నువ్వు 80 నుంచి 400 కి దుంకినవ్, 80 గీత లోతు 400 కి అందదు, ఎంతసేపు రుద్దినా గీత మీద పాలిష్ ఎక్కుతది అంతే. ఇప్పుడు మల్ల ఎన్కకు పోవాలె. 120, 180, 240, 320, 400, 600, 800, 1000, 1500, 2000. నవ్వకు, నిజంగ ఇన్ని. ఒక్కో నంబర్‌కి దిక్కు మార్చాలె, 120 నిలువుగ కొడితే 180 అడ్డంగ కొట్టు. అడ్డం గీతలల్ల ఒక్క నిలువు గీత కనవడ్డా ఆ నంబర్ అయిపోలేదన్నట్టే. 320 దాటినంక వాటర్ పేపర్ తీస్కో, నీళ్లల్ల రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బు ఎయ్యి, పేపర్ జామ్ గాదు.

నంబర్ మారినప్పుడల్లా పార్ట్ కడుగు, చేతులు కడుగు, నీళ్లు పారబోసి కొత్తవి తీస్కో. 120 రవ్వ ఒక్కటి 1000 నీళ్లల్ల పడ్డదనుకో, అద్దం మీద మేకు గీసినట్టు ఒక్క గీత, మల్ల మొదటికి. మా షాపుల దీని మీద రోజూ తిట్లే.

నీ దగ్గర డ్రిల్లు మిషన్ ఉంది కదా, దానికి గుడ్డ చక్రం దొరుకుతది. బఫ్ చక్రానికి పూసే సబ్బు కడ్డీని మేము లస్టర్ అంటం. మొదలు గట్టి కుట్లున్న చక్రానికి నల్లది కోతకు, తర్వాత వేరే మెత్తటి చక్రానికి తెల్లదో పచ్చదో మెరుపుకు. ఒక్కటే చక్రానికి రెండు రకాలు పూయొద్దు. సబ్బు కొంచెమే పూయాలె, మందంగ పూస్తే పార్ట్ మీద నల్ల జిడ్డు సుట్టుకుంటది, అది పోవాలంటే రంపపు పొట్టుతోటి తుడవాలె.

జాగ్రత్త అన్నా, నవ్వులాట గాదు. చక్రం కింది సగంల, నీకెళ్లి దూరంగ తిరిగే కాడ పార్ట్ ఆనియ్యాలె. పైన ఆనిస్తే, లేకపోతే ప్లేటు అంచు చక్రానికి ఎదురొస్తే గుంజుకొని ఇసిరికొడతది. మా దగ్గర ఒక ప్లేటు పోయి రేకుల గుచ్చుకున్నది, మనిషికి తగల్లేదు అదృష్టం. కండ్లద్దాలు, మాస్క్, చేతులు లూజుగ ఉన్న అంగీ వద్దు, మెడల తువ్వాల వద్దు.

స్క్రూ బొక్కల కాడ ఎక్కువసేపు పెట్టకు, బొక్క చుట్టు అరిగి కన్నీటి బొట్టు లెక్క తోక తీస్తది. ఎవడన్నా చేత్తో మంచిగ చేసిండా, చక్రం మీద గుద్దేసిండా అని ఆ బొక్కలు చూస్తే తెలుస్తది.

కొత్తది_కొనుక్కో

ఇంత తంటా ఎందుకు బాసూ, ఆరేడు వేలకి మోటారుతో సహా కొత్త మిషను వస్తుంది. ఈ పేపర్ల ఖర్చు, నీ ఆదివారాలు లెక్కేసుకో.

మిషన్_బాబాయ్_ఏలూరు

బాబూ కొత్తది కుట్టుకోడానికి. ఇది వాళ్ల అమ్మమ్మది. రెండూ ఒకటి కాదు, నీకు చెప్పినా అర్థం కాదులే.

డాలస్_అక్క

తమ్ముడూ నేను మెకానికల్, పార్టులు కొలిచి ఓకే చెప్పడమే నా ఉద్యోగం, ఇంట్లో మాత్రం ఎస్టేట్ సేల్స్‌లో (ఇక్కడ పాత ఇళ్ల సామాన్లు అమ్మే చోట) కొన్న పాత మిషన్లు నాలుగున్నాయి, మా ఆయన ఐదోది తెస్తే నేనే బయటికి పోవాలన్నాడు.

క్రోమ్ చక్రానికి అల్యూమినియం ఫాయిల్ ట్రై చెయ్యి, చపాతీలు చుట్టేది. చిన్న ముక్క నలిపి ఉండ చేసి నీళ్లలో ముంచి మెల్లగా రుద్దు. అల్యూమినియం క్రోమ్ కన్నా చాలా మెత్తన కాబట్టి క్రోమ్ మీద గీత పడదు, తుప్పు మాత్రం నల్లటి బురదలా వచ్చేస్తుంది. తుడిచి చూస్తే నమ్మలేవు. ఆ చిన్న చిన్న బొక్కలు ఉంటాయి, పోవు, కానీ చేయి చాపినంత దూరం నుంచి కనిపించవు.

డిజైన్ ప్లేటుకి కూడా అదే, ప్లస్ పాత టూత్‌బ్రష్షు మీద మెటల్ పాలిష్. దాని మీద ఆకులూ తీగలూ చెక్కి ఉంటాయి, పేపర్ పెట్టినా గుడ్డ చక్రం పెట్టినా ఆ చెక్కుడు అంచులు గుండ్రంగా అయిపోయి సబ్బుబిళ్ల మీద పేరులా మాసిపోతుంది. బాలానగర్ అన్న కూడా ఒప్పుకుంటారనుకుంటా.

చదును ప్లేట్లకి చేతిలో పేపర్ పట్టుకుని రుద్దకు. వేళ్లు ఎక్కడ నొక్కితే అక్కడ గుంటపడుతుంది, మెరిశాక అందులో ట్యూబ్‌లైట్ నీడ వంకరటింకరగా కనిపిస్తుంది. మందపాటి గాజు పలక మీద (పాత టీపాయ్ అద్దం ఉంటే బెస్ట్) వాటర్ పేపర్ తడిపి పరిచెయ్, పేపర్ దానంతటదే అతుక్కుంటుంది, ప్లేటుని బోర్లించి ఎనిమిది అంకె తిప్పినట్టు తిప్పు. మొదలుపెట్టే ముందు ప్లేటు మొత్తం పర్మనెంట్ మార్కర్‌తో నల్లగా గీసేయ్. నాలుగు తిప్పులయ్యాక చూస్తే ఎక్కడ ఇంక్ మిగిలిందో అక్కడ పల్లం. ఇంక్ మొత్తం పోయేదాకా అదే నంబర్. దీంతో ఊహించుకోడాలు ఉండవు.

నల్ల చుక్కలు అంటే గుంటల అడుగున ఉన్న తుప్పు. గుంట పోవాలంటే చుట్టూ ఉన్న ఇనుమంతా గుంట అడుగుదాకా దిగాలి, వేరే దారి లేదు, పాలిష్ ఏ గుంటనీ పూడ్చదు. జరిపే ప్లేటు గాడిలో మిషను బల్లతో సమానంగా కూర్చోవాలి కాబట్టి మరీ పల్చగా చెయ్యకు, గుడ్డ అంచు అక్కడ తట్టుకుంటుంది. ఒకటి రెండు చుక్కలు ఉంటే ఉండనీ.

ఎవరో ఒకరు కచ్చితంగా బ్యాటరీ చార్జర్ పెట్టి కరెంటుతో తుప్పు తీసే పద్ధతి చెప్తారు, వాషింగ్ సోడా నీళ్లలో. ఉత్త ఇనుముకి అది సూపర్, నేనూ చేస్తా, పార్టుకి నెగటివ్, ఇంకో వైపు మామూలు ఇనుప రాడ్డు. స్టెయిన్‌లెస్ చెంచా మాత్రం పెట్టొద్దు, అందులోంచి విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. పైగా హైడ్రోజన్ వస్తుంది, బాత్రూమ్ తలుపులేసుకుని చెయ్యొద్దు. నీ ప్లేటింగ్ పార్టులకి అయితే వద్దు, కింద తుప్పున్న చోట ప్లేటింగ్ పొరలు పొరలుగా లేచిపోతుంది.

వెనిగర్_వీరుడు

నేను అదే చెప్పబోతున్నా చార్జర్ గురించి 😂 సరే వద్దులే.

దివిసీమ_పిల్లోడు

మూడు వారాల తర్వాత అప్‌డేట్. మర్చిపోలేదు, చేతులే పని చెయ్యట్లేదు.

ముందు చెడ్డ వార్త. నిమ్మ ఉప్పులో పడేసిన టెన్షన్ సెట్టు పైకి బాగానే తేలింది, తుప్పు లేదు, డిస్కులు 2000 పేపరు, పాలిష్ పెడితే అద్దాల్లా వచ్చాయి. తిరిగి బిగిస్తూ ఆ సన్న తీగ స్ప్రింగుని కొక్కేనికి తగిలిద్దామని ఇంత వంచా, పుటుక్కు. బాబాయ్ గారు చెప్పినట్టే. ఒక రాత్రి, ఒక పగలు నానింది మరి. ఇక్కడ కలాసిపాళ్యం వైపు ఓ స్పేర్ పార్టుల షాపులో అడిగితే మొత్తం సెట్టే ఉందన్నాడు, సింగర్‌కి పడుతుందా లేదా అని కొనకుండా వచ్చేశా.

చక్రం అంచు ఫాయిల్‌తో చేశా. అక్కా మీకు దండం. పావుగంట. నల్లటి బురద కారింది, తుడిస్తే నా మొహం కనిపించింది, మా ఫ్లాట్‌మేట్ అయితే కొత్త చక్రం కొన్నావా అన్నాడు. దగ్గర్నుంచి చూస్తే ఆవాలు చల్లినట్టు చుక్కలున్నాయి, పర్లేదు.

జరిపే ప్లేటుకి మాత్రం నాలుగు రాత్రులు పట్టింది. మిగిలిన క్రోమ్‌ని వదిలించుకోడానికి ఏ షాపుకీ వెళ్లలేదు, గాజు పలక మీద 120 తోనే దింపేశా, క్రోమ్ నిజంగానే రాయిలా ఉంది, ఒక్క దానికే మూడు పేపర్లు అరిగిపోయాయి. 180 అయిపోయిందనుకుని 240 కి వెళ్లా, మార్కర్ గీశా, ఇంక్ పోయింది, లైటు కింద ఏటవాలుగా పట్టుకుంటే ఓ మూల నిలువు గీతలు నాలుగు. మళ్లీ 180. అలా రెండు సార్లు వెనక్కి వచ్చా. 600 దగ్గర విసుగొచ్చి మానేద్దామనుకున్నా ఎందుకంటే అప్పటికి ప్లేటు మెరవడం కాదు కదా బూడిద రంగులో స్లేటు పలకలా ఉంటుంది, అంత కష్టపడితే ఇదా అనిపిస్తుంది. 1000 దాటాక మెల్లగా లోపల్నుంచి ఏదో లేస్తున్నట్టు అనిపించింది. 2000 అయ్యాక గుడ్డ చక్రం, తెల్ల లస్టర్, పది నిమిషాలు. ఫ్యాను రెక్కలు తిరగడం అందులో కనిపిస్తోంది. ఒకే ఒక్క చుక్క మిగిలింది, కుడి మూల, వదిలేశా.

సూది ప్లేటు మీద గుంటల జోలికి పోలేదు. పాలిష్ అంతే. ఒక అనుమానం ఉంది దాని గురించి, సూది దిగే బొక్క అంచు లోపల గరుగ్గా తగులుతోంది, దారం తెగుతుందేమో.

డిజైన్ ప్లేటు తోముతుంటే ఆకుల సందుల్లోంచి గులాబీ రంగు నూగు వచ్చింది, గుడ్డ పోగులు, నూనెతో గట్టిపడిపోయి. ఏ జాకెట్టుదో. అది పడెయ్యాలనిపించలేదు, అగ్గిపెట్టెలో పెట్టా.

ఇప్పుడు ప్రశ్నలు. ఉత్త ఇనుము మెరుపు ఎన్నాళ్లుంటుంది, నిన్న పట్టుకున్న వేలిముద్ర దగ్గర అప్పుడే పచ్చగా ఏదో కనిపిస్తోంది. క్లియర్ కోట్ స్ప్రే కొట్టనా?

బాలానగర్_బఫింగ్

శాబాష్ అన్నా. 600 కాడనే సగం మంది ఇడిచిపెడతరు.

వేలిముద్ర అంటే చెమట, ఉప్పు. ఉత్త ఇనుము పాలిష్ వానకాలంల వారం గూడ నిలవదు, మెరుపు ఎంత ఎక్కువ ఉంటే తుప్పు అంత జల్ది కనవడతది. వేలిముద్ర ఉన్న కాడ ఒకసారి మల్ల పాలిష్ ముట్టించి తుడువు. స్ప్రే కొట్టకు, గుడ్డ రోజూ రాసుకునే ప్లేటు అది, లేయర్ లేచి పసుపచ్చగ అయితది. కార్ల షోరూములల్ల దొరికే మైనం ఉంటది కదా, గట్టిది, అది రెండు పూతలు పూసి ఆరినంక తుడువు. నెలకోసారి.

పర్మనెంట్ గావాలంటే ప్లేటింగే. షాపుల పాతది విప్పి, పాలిష్ చేసి, గుంటలుంటే మొదలు రాగి ఏసి దాన్ని మల్ల పాలిష్ చేసి, మీద నికెల్, దాని మీద క్రోమ్. నువ్వు ఇప్పటికే చేసిన పాలిష్ ఎటూ పోదు, ప్లేటింగ్ గీతలను దాచదు ఇంకా ఎక్కువ చూపిస్తది, కాబట్టి నీ పనే వాళ్లకు పునాది. ఇంట్ల క్రోమ్ చేసే వీడియోలు చూసి ట్రై చెయ్యకు, ఆ నీళ్లు మనిషికి మంచియి గావు, మోరీల పొయ్యొద్దు.

మిషన్_బాబాయ్_ఏలూరు

స్ప్రింగు విరిగిందా, చెప్తే విన్నావా 😄 కంగారు పడకు. నీది సింగర్ 15కె మోడల్ అయ్యుంటుంది, ఆ 15 నమూనాలోనే మన దేశంలో నల్ల మిషన్లు చాలావరకు తయారయ్యాయి, ఉషాకి పడేవి దీనికీ పడతాయి. ఆ షాపువాడి దగ్గరికి పాత సెట్టు పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసి తీసుకో, స్ప్రింగు ఒక్కటే కూడా ఇస్తాడు, టీ ఖర్చంత.

బొక్క గరుకు గురించి మంచి ప్రశ్న అడిగావ్. విరిగిన సూదులు కొట్టుకుని అక్కడ చిన్న నొక్కులు పడతాయి. పేపర్ దూరదు అందులో. గట్టి నూలు దారం రెండు పేటలు తీసుకుని బ్రాస్సోలో ముంచి, బొక్కలో దూర్చి, రెండు కొసలూ పట్టుకుని మజ్జిగ కవ్వం తాడు లాగినట్టు ఇటూ అటూ లాగు. చుట్టూ తిప్పుతూ లాగు, ఒకే చోట లాగితే గాడి పడుతుంది. తర్వాత ఓ పాత పట్టు గుడ్డ ముక్క ఆ బొక్క మీద రాసి చూడు, పోగు పట్టకపోతే అయినట్టే. మైనం సూది ప్లేటుకీ రాయి, నూనె మాత్రం గుడ్డ తగిలే చోట వద్దు, మరక.

బిగించాక మొదటి నాలుగైదు రోజులు పాత గుడ్డల మీదే కుట్టు, లోపలి నూనె మురికి దిగుతుంది.

దివిసీమ_పిల్లోడు

దారం ట్రిక్ అదిరింది బాబాయ్ గారూ, పట్టు గుడ్డ లేక మా ఫ్లాట్‌మేట్ పెళ్లి కండువా వాడా, వాడికి చెప్పొద్దు. పోగు పట్టలేదు. స్ప్రింగు కూడా సరిపోయింది, ఇరవై రూపాయలు.

మిషను తిరుగుతోంది! ఒక్కటే సమస్య, తోలు బెల్టు కొత్తది వేస్తే జారుతోంది, చక్రం మెరిపించాను కదా అందుకా? మెరుపు అంచు మీదే చేశా, బెల్టు గాడి ముట్టుకోలేదు.

మిషన్_బాబాయ్_ఏలూరు

మెరుపుకీ దానికీ సంబంధం లేదు. కొత్త తోలు సాగుతుంది. మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం దిగాలి, అంతకన్నా దిగితే వదులు. క్లిప్పు విప్పి పావు అంగుళం కోసి చూడు, చాలకపోతే ఇంకో పావు. ఒకేసారి ఎక్కువ కోశావంటే మాత్రం మళ్లీ కలాసిపాళ్యమే.